స్కాలర్‌షిప్ ఇచ్చారుగా, ఇంకా డబ్బెందుకు?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 20 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ టెన్నిస్సే లోకం. ఇప్పుడు మిడ్‌వెస్ట్‌లో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) జట్టులో ఆడుతున్నాడు. ఖర్చులో సగం స్కాలర్‌షిప్, మిగతా సగం మేం కడుతున్నాం. వాడి హాస్టల్లోనే ఉండే ఫుట్‌బాల్ కుర్రాడికి పూర్తి స్కాలర్‌షిప్ కాక యూనివర్సిటీ నెలనెలా డబ్బు కూడా ఇస్తోందట. అది చూసి వీడు రగిలిపోతున్నాడు. మావారు గుంటూరులో చదివే రోజుల్లో యూనివర్సిటీ కబడ్డీ జట్టులో ఆడారు. "సొంత డబ్బుతో టిఫిన్ తిని ఆడాం మేము. చదువుకోవడానికి వెళ్లినవాడికి సగం ఫీజు ఇవ్వడమే ఎక్కువ. ఆటకు జీతం అడిగితే అది ఆటా, కూలా?" అంటారు. ఈ మధ్య అక్కడి ఇండియన్ రెస్టారెంటు ఆయన మూడు ఇన్‌స్టాగ్రామ్ వీడియోలు చేస్తే 1,500 డాలర్లు ఇస్తానన్నాడు. వీడు సరేనంటాడు, ఈయన వద్దంటారు. పైగా ల్యాబులు ప్రాక్టీసుకు అడ్డొస్తున్నాయి, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకోమని కోచ్ అంటున్నాడట. వాడు హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చాడు, 21 నిండకముందే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మార్పించాం. కాలేజీ పిల్లలకు స్కాలర్‌షిప్ మీద డబ్బివ్వడం న్యాయమేనా? మా వాడు ఆ డబ్బు తీసుకోవచ్చా?

ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం:

అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అందులో ఆలస్యం పనికిరాదు. ఆ 1,500 డాలర్లు మీ అబ్బాయి తీసుకోకూడదు. ఆట నియమాలు ఒప్పుకుంటాయి, వీసా ఒప్పుకోదు.

కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరూ ముఖమూ వాడుకుని బయట సంపాదించుకోవచ్చని తలుపులు తెరిచింది. అందరూ ఎన్‌ఐఎల్ అంటున్నది దీన్నే. మీవాడి హాస్టల్లోని అమెరికన్ కుర్రాడికి ఇది నిక్షేపంగా వర్తిస్తుంది. ఎఫ్-1 మీద ఉన్న పిల్లవాడికి మాత్రం సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల లోపు పని తప్ప, అనుమతి లేకుండా బయట పని చేసే హక్కు లేదు. వీడియోలో నిలబడి బిర్యానీ బాగుందని చెప్పి డబ్బు తీసుకోవడం పనే. "డబ్బు వద్దులెండి, నెలంతా భోజనం పెట్టండి" అన్నా అది ప్రతిఫలమే అవుతుంది, ఆ దారి కూడా వెతకొద్దు. కెనడా నుంచి వచ్చి పర్డ్యూ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడిన జాక్ ఈడీ 2023లోనూ 2024లోనూ దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడిగా నిలిచాడు. అంతటివాడికీ తోటివాళ్లలాగా స్వేచ్ఛగా ప్రకటనలు చేసుకోవడానికి వీసా అడ్డొచ్చింది. కెంటకీకి ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షిబ్వే 2022లో జట్టుతో బహమాస్ వెళ్లినప్పుడు, అమెరికా బయట ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే ఆ పనులు ముగించుకున్నాడు. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డ ఇల్లు మీది. మూడు వీడియోల కోసం పిల్లవాడి స్టేటస్ మీద మచ్చ పడనివ్వకండి. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో వాడి ఫైలు చూసే డీఎస్ఓని, వీలైతే ఒక ఇమిగ్రేషన్ లాయర్ని అడగకుండా ఆట పేరుతో ఎవరి దగ్గరా ఒక్క డాలరు తీసుకోవద్దని చెప్పండి. రేపు యూనివర్సిటీయే ఆట సొమ్ములో వాటా ఇస్తానన్నా ఇదే జాగ్రత్త.

అంటే ఈ ఒక్క విషయంలో మీవారి మాటే నెగ్గింది. కానీ ఆయన చెప్పిన కారణంతో కాదు. ఆ కారణంతో నేను ఏకీభవించలేను.

కాలేజీ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ మీద డబ్బివ్వడం న్యాయమేనా అని అడిగారు. న్యాయమే. ఆట వల్ల సొమ్ము వచ్చే చోట ఇచ్చి తీరాలి. ఇన్నేళ్లు ఇవ్వకపోవడమే అన్యాయం.

మీవారి మనసులో ఉన్న స్కాలర్‌షిప్ మన ఊళ్లలో చూసినది. మార్కులు వచ్చాయి, ప్రభుత్వం ఫీజు కట్టింది. ఆ తర్వాత ఎవరూ పొద్దున్నే అయిదింటికి లేపి పరుగెత్తించరు, ఏ సబ్జెక్టు తీసుకోవాలో చెప్పరు. జరిగిపోయిన కష్టానికి మెప్పు అది. మీ అబ్బాయికి వచ్చేది ఇకముందు చెయ్యాల్సిన పనికి ముందే కట్టిన వెల. బరువులెత్తడం, ప్రాక్టీసు, ప్రయాణం, మ్యాచ్, ఫిజియో. దీనికి సగం ఫీజు ఇస్తున్నారు. 1973 నుంచి 2012 దాకా ఎన్‌సీఏఏ నియమం ప్రకారం ఈ స్కాలర్‌షిప్‌ను ఒక్కో ఏడాదికే ఇవ్వాలి, నాలుగేళ్లకు మాటివ్వడానికి కాలేజీకి కూడా వీల్లేదు. ఆడలేనివాడికి మరుసటి ఏడాది ఇవ్వాలా మానాలా అన్నది కోచ్ చేతిలో ఉండేది. ఏటేటా పనితనం చూసి కొనసాగిస్తూ వచ్చినదాన్ని దానం అనుకోమంటే ఎలా?

గంటల లెక్క కూడా చూడండి. సీజన్లో వారానికి 20 గంటలకు మించకూడదని నియమం ఉంది. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ మ్యాచ్ ఉన్న రోజును, ఎంతసేపు జరిగినా సరే, మూడు గంటలుగానే రాస్తారు. బస్సులో కూర్చున్న గంటలు లెక్కలోకి రావు. ఫిజియో గదిలో ఐస్ పెట్టుకుని కూర్చున్న గంటలూ రావు. మీవారు మీవాడి ఒక వారం షెడ్యూలు తెప్పించుకుని, పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచి ఆట కోసం పోయిన ప్రతి గంటా స్వయంగా కూడి చూస్తే బాగుంటుంది. ఆ కాగితం చెప్పినంత బాగా నేను చెప్పలేను.

మీ ఊరికి దగ్గరదే ఒక సంగతి చెబుతాను. ఫోర్ట్ వర్త్‌లోని టీసీయూ ఫుట్‌బాల్ జట్టులో కెంట్ వాల్‌డ్రెప్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. 1974లో అలబామాతో ఆడుతుండగా మెడ విరిగింది. ఆ తర్వాత జీవితమంతా చక్రాల కుర్చీలోనే. యూనివర్సిటీ కొన్ని నెలలు వైద్యం ఖర్చు భరించి ఆపేసింది. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి వచ్చే పరిహారం తనకూ ఇవ్వాలని అతను ఏళ్ల తరబడి పోరాడాడు. మొదట కార్మిక పరిహార సంస్థ అతని వైపే తీర్పిచ్చింది. ఆ తర్వాత జ్యూరీ కాదంది, 2000లో టెక్సస్ అప్పీల్ కోర్టు కూడా అతను ఉద్యోగి కాదనే తేల్చింది. అంతకుముందు కొలరాడోలో ఇంకా ఘోరం జరిగింది. 1955లో ఒక చిన్న కాలేజీకి ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలి చనిపోయిన రే డెన్నిసన్ భార్యకు పరిహారం అక్కర్లేదని, ఆ కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యడం లేదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఆడేవాడు విద్యార్థి మాత్రమే అన్న మాట వినడానికి పవిత్రంగా ఉంటుంది. ఆ పవిత్రత ఖరీదు ఎవరు కట్టారో ఈ రెండు కుటుంబాలను చూస్తే తెలుస్తుంది. నాకు డబ్బు సంగతి కన్నా ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

వ్యాపారం కాదన్నారు కదా. మార్చిలో జరిగే పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ప్రసార హక్కులను 2025 నుంచి 2032 వరకు పొడిగించడానికి సీబీఎస్, టర్నర్ సంస్థలు 880 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి. ఏడాదికి 110 కోట్లు. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసింది. ఇక కోచింగ్ చెయ్యనక్కర్లేదని పంపించడానికి ఆయనకు కట్టాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. ఆ జట్టు ఆటగాళ్లకు ఆ రోజున యూనివర్సిటీ నేరుగా వాటా ఇవ్వడానికి నియమం ఒప్పుకునేది కాదు. 2014లో కనెక్టికట్‌ను జాతీయ విజేతగా నిలిపిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు తినడానికి డబ్బు లేక ఆకలితో పడుకుంటానని ఆ టోర్నమెంటు రోజుల్లోనే పత్రికలవాళ్లతో చెప్పాడు. దేశమంతా ఛీ అన్నాకే ఆటగాళ్లకు పరిమితి లేకుండా భోజనం పెట్టొచ్చని ఎన్‌సీఏఏ నియమం మార్చింది. అంతవరకూ అన్నం మీద కూడా లెక్క ఉండేదన్నమాట.

ఆటకు జీతమిస్తే ఆట చెడిపోతుందని మీవారి భయం. ఆయన కబడ్డీ ఆడినవారు కాబట్టి ఒక్కటి అడగండి. వాళ్ల కాలంలో దేశంలో బలమైన కబడ్డీ జట్లలో రైల్వేస్ ఒకటా కాదా? స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం దొరికితే ఊరంతా సంబరపడేది కదా. ఆ ఆటగాళ్లు నెల జీతం తీసుకునే ఆడారు. వాళ్ల ఆటలో ప్రేమ తక్కువని ఎవరూ అనలేదు. ఆయన సొంత డబ్బుతో టిఫిన్ తిని ఆడటం గౌరవించదగ్గ విషయమే. కానీ ఆ మ్యాచ్‌లకు ఎవరూ టికెట్లు అమ్ముకోలేదు, ఎవరూ టీవీ హక్కులు అమ్మి కోట్లు తెచ్చుకోలేదు. అందరూ సమానంగా లేమిలో ఉన్నప్పుడు చేసిన త్యాగాన్ని, ఒక్కరు తప్ప అందరూ సంపాదిస్తున్న చోట ఆ ఒక్కరి నుంచి ఆశించకూడదు.

అమెరికా కోర్టులు కూడా చివరికి ఇక్కడికే వచ్చాయి. యూసీఎల్‌ఏకి బాస్కెట్‌బాల్ ఆడిన ఎడ్ ఓబానన్ తన రూపాన్ని వీడియో గేములో పెట్టి అమ్ముకుంటున్నారని 2009లో కేసు వేశాడు. అక్కడ మొదలైన తీగ లాగుతూ పోతే 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసు దగ్గర డొంకంతా కదిలింది. తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలూ ఒక్క మాట మీద ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఆ తీర్పు చదువుకు సంబంధించిన ప్రయోజనాల వరకే పరిమితం. అయినా జడ్జి కావనా విడిగా రాస్తూ ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదని తేల్చి చెప్పాడు. కొనేవాళ్లంతా కూడబలుక్కుని పనివాడికి ఇంతకు మించి ఇవ్వకూడదని ధర కట్టేయడం ఏ ఇతర వ్యాపారంలోనూ చెల్లదన్నది ఆయన వాదన సారం. నాకు ఆ వాదనలో తప్పు కనిపించదు. ఆ తర్వాత అరిజోనా స్టేట్ ఈతగాడు గ్రాంట్ హౌస్ పేరుతో నడిచిన కేసులో 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ రాజీ ఒప్పందానికి ఆమోదం వేశారు. పాత ఆటగాళ్లకు సుమారు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో చెల్లించాలి. 2025 జూలై 1 నుంచి యూనివర్సిటీలు తమ ఆటగాళ్లకు నేరుగా వాటా ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి గరిష్ఠం సుమారు 2.05 కోట్ల డాలర్లు. మీవాడి హాస్టల్లోని ఆ ఫుట్‌బాల్ కుర్రాడికి నెలనెలా వస్తున్నది ఇదే.

ఇప్పుడు మీ అబ్బాయికి చెప్పాల్సిన మాట. ఆ కుర్రాడి మీద అసూయ వద్దు. పాత ఆటగాళ్ల పరిహారంలో సుమారు 75 శాతం ఫుట్‌బాల్‌కు, 15 శాతం పురుషుల బాస్కెట్‌బాల్‌కు, 5 శాతం మహిళల బాస్కెట్‌బాల్‌కు పోయి, మిగిలిన అన్ని ఆటలకూ కలిపి 5 శాతమే దక్కుతోంది. చాలా యూనివర్సిటీలు కొత్త వాటాల్లోనూ ఇదే లెక్కకు దగ్గరగా నడుస్తున్నాయి. టెన్నిస్ చూడటానికి ఎవరూ స్టేడియం నింపరు. పెద్ద యూనివర్సిటీల్లో మీవాడు ఎక్కే బస్సు, ఆడే కోర్టు, వాడి కోచ్ జీతం చాలావరకు ఫుట్‌బాల్ సొమ్ముతోనే నడుస్తాయి. ఆ సొమ్ము తెచ్చేవాడు మోకాళ్లు, తల పణంగా పెట్టి తెస్తున్నాడు. అందులో అతనికి వాటా రావడం వల్ల మీవాడికి అన్యాయమేమీ జరగలేదు.

అలాగని ఈ కొత్త ఏర్పాటు అంతా సవ్యంగా ఉందని నేను అనను. ఖర్చు పెరిగిందని చిన్న ఆటల మీద కత్తి పెట్టేవాళ్లు తయారయ్యారు. కాలిఫోర్నియాలో కాల్ పాలీ యూనివర్సిటీ 2025 మార్చిలో ఈత జట్లను రద్దు చేసింది. ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఈ వాటాలకు వర్తిస్తుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. 2025 జనవరిలో ఒక ప్రభుత్వం వర్తిస్తుందని చెబితే ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం ఫిబ్రవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. నన్నడిగితే వర్తించాలి. ఆ 2.05 కోట్ల గరిష్ఠాన్ని కూడా ఆటగాళ్ల సంఘంతో కూర్చుని బేరమాడి పెట్టలేదు, లాయర్లు మాట్లాడుకుని పెట్టారు. డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ పిల్లలు 2024 మార్చిలో 13-2 ఓట్లతో యూనియన్ పెట్టుకుందామని తీర్మానించి, ఆ ఏడాది చివర్లో దరఖాస్తు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆటగాళ్లకు తమ షరతులు తాము మాట్లాడుకునే వీలు దొరికేదాకా ఈ గొడవ చల్లారదని నా నమ్మకం.

టెన్నిస్‌కు సంబంధించి మీరు తెలుసుకోవాల్సిన అన్యాయం ఇంకొకటుంది, బహుమతి సొమ్ము. నార్త్ కరోలైనా యూనివర్సిటీ అమ్మాయి రీస్ బ్రాంట్‌మైయర్ 2021 యూఎస్ ఓపెన్‌లో ఆడి దాదాపు 49 వేల డాలర్లు గెలుచుకుంది. కాలేజీకి ఆడాలంటే అందులో చాలా భాగం వదులుకోవాలన్నారు. 2024లో ఆ అమ్మాయి ఎన్‌సీఏఏ మీద దావా వేసింది. రాకెట్ పట్టుకుని కోర్టులో నిలబడి గెలిచిన సొమ్మును ఏ న్యాయం ప్రకారం వదులుకోమన్నారో నాకు అంతుపట్టదు. మన నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆడుతూ 2024 డిసెంబరులో కాలేజీ టెన్నిస్ వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు. మరుసటి నెల ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జోకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచి, మ్యాచ్ ఓడాడు. ఆ ఏడాది అక్కడ మొదటి రౌండులో ఓడినవాళ్లకు 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చారు. ఆ స్థాయికి ఎదిగిన పిల్లవాడికి చదువా, సంపాదనా అన్న చిక్కుముడి తెచ్చిపెట్టింది ఈ నియమాలే.

మీవాడు ఆ స్థాయిలో లేడని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. కాబట్టి వాడు అడగాల్సినవి వేరు. మొదటిది, స్కాలర్‌షిప్ పెంచమని అడగాలి. మొన్నటిదాకా పురుషుల టెన్నిస్ జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఇవ్వాలని పరిమితి ఉండేది, దాన్ని ఎనిమిది పది మందికి పంచేవాళ్లు. అందుకే మీకు సగం. కొత్త ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు ఆ పరిమితి పోయింది. జట్టులో పది మందే ఉండాలి, కానీ పది మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు. ఫుట్‌బాల్ జట్టుకు వాటాలిస్తున్నారంటే వాడి యూనివర్సిటీ అందులో చేరినట్టే. ఇస్తారని కాదు, అడగడంలో తప్పు లేదు. స్కాలర్‌షిప్ ఎఫ్-1కి అడ్డం కాదు. అయితే పది మందికే చోటు కాబట్టి, అడిగే తీరు మర్యాదగా, ఈ ఏడాది ఆట ఫలితాలు చేతిలో పెట్టుకుని ఉండాలి.

రెండోది వైద్యం. 2024 ఆగస్టు నుంచి డివిజన్ 1 యూనివర్సిటీలు ఆటలో తగిలిన దెబ్బలకు, ఆట ముగిశాక కూడా కనీసం రెండేళ్లు వైద్యం ఖర్చు భరించాలి. దెబ్బ తగిలిందనో బాగా ఆడలేదనో స్కాలర్‌షిప్ తీసేయడానికి వీల్లేదు. వాల్‌డ్రెప్ లాంటివాళ్లు నష్టపోయిన చాలా ఏళ్లకు వచ్చిన రక్షణ ఇది. కాబట్టి చిన్న నొప్పి అయినా ట్రైనర్ దగ్గర రాయించుకోమనండి. ఓర్చుకుని ఆడేసి ఇంటికొచ్చి మీకు చెబితే ఆ నొప్పి ఎక్కడా నమోదు కాదు.

మూడోది, మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన మేజర్ సంగతి. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ప్రమాదంగా కనిపించింది అదే. ఇంజనీరింగ్ డిగ్రీతో బయటికొస్తే ఎఫ్-1 విద్యార్థికి 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి), దాని మీద సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులకు ఇచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు, మొత్తం మూడేళ్లు పనిచేసే వీలుంటుంది. ప్రాక్టీసుకు వీలుగా ఉందని స్టెమ్ జాబితాలో లేని మేజర్‌కి మారితే ఏడాదే. ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ లాటరీ మూడు నాలుగు సార్లు వేసుకోగలిగినవాడు ఒకటి రెండు సార్లతో సరిపెట్టుకోవాలి. డబ్బివ్వని ఆటగాడికి చదువే జీతమని కదా వీళ్లంతా చెప్పేది. అయితే ఆ జీతం పూర్తిగా ముట్టాలి. కోచ్ టైమ్ టేబుల్ కోసం దాన్ని కోసుకోనివ్వకండి. ఇందులో మీవారూ మీరూ ఒక్క మాట మీద ఉంటారని నమ్ముతున్నాను, మీ అబ్బాయికి ఇప్పుడు కావాల్సింది కూడా అదే. వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరవకముందే అకడమిక్ అడ్వైజర్‌ని, అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌లో చదువు చూసే కౌన్సెలర్‌ని ఒకే చోట కూర్చోబెట్టి మాట్లాడమనండి. ల్యాబు మరో సెక్షన్‌లో ఉందా, వేసవిలో తీసుకోవచ్చా, వారంలో ఒక రోజు ప్రాక్టీసుకు ఆలస్యంగా రావచ్చా అని అడిగి, ఏది ఒప్పుకున్నా ఈమెయిల్లో రాయించుకోమనండి. కోచ్ అన్నిటికీ కాదంటే, వేరే యూనివర్సిటీకి మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది. అందులో పేరు వేసే ముందు మాత్రం ఎఫ్-1కి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం ఎలా మారుతుందో డీఎస్ఓతో తేల్చుకోవాలి. పేరు వేశాక ప్రస్తుత స్కాలర్‌షిప్ నిలుస్తుందన్న భరోసా ఉండదు కాబట్టి, ఆ మిగతా సగం ఫీజు కూడా మీరే కట్టగలరో లేదో ముందే ఇంట్లో లెక్క చూసుకోండి.